అప్‌డేట్: జాబ్ గ్యాప్ ఉన్నా హోమ్ లోన్ వచ్చింది

మొన్న అడిగాను కదా, పాత కంపెనీ మానేసి ఐదు నెలలు ఖాళీగా ఉండి, కొత్త దాంట్లో చేరి మూడు నెలలే అయింది, మియాపూర్‌లో ఫ్లాట్‌కి లోన్ ఇస్తారా ఇవ్వరా అని. వచ్చింది, కానీ ఊరికే రాలేదు.

మొదటి బ్యాంకులో ఆయన పేస్లిప్పులు చూసి "ఆరు నెలలు నిండాక రండి సార్" అని ఫైల్ వెనక్కి తోసేశాడు. రెండో బ్యాంకులో మేడమ్ మాత్రం మొత్తం సర్వీసు రెండేళ్లు దాటితే చాలు, గ్యాప్ ఎందుకొచ్చిందో రాసివ్వండి అంది. నాన్నకి బైపాస్ అయిందండి, ఆ డిశ్చార్జ్ సమ్మరీ జెరాక్స్ పెట్టి తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టా. రెండేళ్ల ఫామ్ 16 (జీతం, కట్ చేసిన ట్యాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం), రిలీవింగ్ లెటర్ ఎలాగూ ఉన్నాయి.

అసలు తలనొప్పి పీఎఫ్ దగ్గర. పాత కంపెనీవాళ్లు ఎగ్జిట్ డేట్, అంటే నేను మానేసిన తేదీ, ఎక్కించలేదు, దాంతో పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో నేను ఒకేసారి రెండు ఉద్యోగాలు వెలగబెడుతున్నట్టు కనిపిస్తోంది! హెచ్‌ఆర్‌కి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు, చివరికి తెలిసిందేంటంటే లాస్ట్ కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటితే పీఎఫ్ పోర్టల్లో మార్క్ ఎగ్జిట్ మనమే కొట్టుకోవచ్చట, ఆధార్ ఓటీపీతో అయిపోయింది.

ఫ్లాట్ 70 లక్షలు, ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య లోన్ అయితే ఫ్లాట్ విలువలో 80 శాతం దాటదు కాబట్టి 56 లక్షలు శాంక్షన్ చేశారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మనదే. దానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టా, ఇంకా మాట్లాడట్లేదు.