తెల్లమచ్చ ఎవరి పని? ముళ్ళకిరీటపు నక్షత్రచేపల సర్వేలో మీ అనుభవాలు చెప్పండి

తొలిలోతు:
అందరికీ నమస్కారం. ఒక చిన్న దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీద పగడాలను తినే ముళ్ళకిరీటపు నక్షత్రచేపల సర్వేలో ఈ నెలలోనే స్వచ్ఛందంగా చేరాను. పడవ వెనుక తాడుకు కట్టిన పలకను పట్టుకొని, రెండేసి నిమిషాల చొప్పున పదకొండు విడతలు చూశాం. నక్షత్రచేప ఒక్కటి కూడా కనబడలేదు. అయితే గాలి తగిలే వైపు వాలులో, బల్లపరుపుగా పెరిగే అక్రోపోరా పగడాల మీద పళ్ళెమంత తెల్లమచ్చలు చాలా ఉన్నాయి. బృందంలో ఒకరు బ్లీచింగ్ (వేడికి పగడం రంగు కోల్పోవడం) అన్నారు, మరొకరు తెగులు అన్నారు. నక్షత్రచేపల గడిలో సున్నా వేశాను గానీ వేస్తున్నంతసేపూ మనసు ఒప్పుకోలేదు. ఇలాంటప్పుడు మీరు ఏమి రాస్తారు? మళ్ళీ దిగితే దేని కోసం చూడాలి?

ఉప్పుగాలి:
తొలిలోతు గారూ, ఆ సున్నాను కొట్టివేయకండి. మాంటా టోలో, అంటే మీరు చేసినట్టు పలక పట్టుకొని పడవ వెనుక సాగుతూ చూసే పద్ధతిలో, సున్నా అంటే, గంటకు సుమారు నాలుగు కిలోమీటర్ల వేగంతో నీటి ఉపరితలం మీద సాగిపోతూ చూసినప్పుడు కంటికి ఆనలేదని మాత్రమే అర్థం. ఈ జీవులు, అందులోనూ చిన్నవి, పగలంతా పగడపు బల్లల కిందా పగుళ్ళలోనూ నక్కి ఉండి, చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతాయి. సంఖ్య బాగా పెరిగినప్పుడే పట్టపగలు ఆరుబయట గుంపులుగా కనిపిస్తాయి. అందుకే ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో దశాబ్దాలుగా ఈ పద్ధతిని వాడుతున్నవారు మేత మచ్చలకు, అంటే అవి పగడాన్ని తిన్నచోట మిగిలే తెల్లమచ్చలకు, విడిగా ఒక గడి పెట్టుకున్నారు. మచ్చలు లేవు, ఒకటి నుంచి పది వరకు ఉన్నాయి, పదికి మించి ఉన్నాయి అని అందులో మూడే మెట్లు ఉంటాయి. పడవ లాగుతుండగా మచ్చలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, కానీ ఈ మూడింటిలో ఏదో చెప్పడం కొత్తవారికి కూడా సాధ్యమే.

నేను చేరిన తొలి ఏడాది మేము ఆ గడిని ఖాళీగా వదిలేసేవాళ్ళం. మరుసటి ఏడాది పాత పత్రాలు తిరగేస్తే, అక్కడ నిజంగానే మచ్చలు లేవా, లేక అసలు ఎవరూ చూడలేదా అన్నది పత్రాలు రాసిన మేమే చెప్పలేకపోయాం. పోల్చి చూసుకోవడానికి ఆ ఏడాది పని ఎందుకూ పనికిరాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. చూసి లేవని తేల్చుకుంటే సున్నా వేయండి. చూడకపోతే 'చూడలేదు' అని అక్షరాలా రాయండి.

పగడపుకన్ను:
మచ్చ ఎవరి పనో తేల్చడానికి కిందికి దిగి, ముఖాన్ని జానెడు దూరంలోకి తెచ్చి చూడటం తప్ప వేరే మార్గం లేదు. బ్లీచింగ్‌కు గురైన పగడంలో కణజాలం ఇంకా బతికే ఉంటుంది. లోపల కాపురముండే సూక్ష్మ శైవలాలు వెళ్ళిపోవడం వల్ల అది గాజులా పారదర్శకమై, కింద ఉన్న సున్నపు అస్థిపంజరం తెల్లగా కనబడుతుంది. ఓపికగా చూస్తే పగడాన్ని కట్టే బుల్లి జీవులైన పాలిప్‌ల సన్నని చేతులు కదలడం తెలుస్తుంది. పైగా వేడి వల్ల వచ్చే బ్లీచింగ్ ఒక్క పగడంతో ఆగదు, ఆ లోతులో ఉన్న చాలా పగడాలు ఒకేసారి పాలిపోతాయి.

నక్షత్రచేప మేసిన చోట కణజాలమే మిగలదు. అది తన పొట్టను నోటి గుండా బయటకు తెచ్చి పగడం మీద పరచి, అక్కడికక్కడే జీర్ణం చేసుకుంటుంది కనుక, పాలిప్‌లు ఉండే బుల్లి గిన్నెలు కడిగి బోర్లించినంత శుభ్రంగా కనిపిస్తాయి. బతికి ఉన్న భాగానికీ తెలుపుకూ నడుమ హద్దు గీత గీసినట్టు ఉంటుంది. ఆ తెలుపు కూడా ఎక్కువ రోజులు నిలవదు. మొదట పలుచని ఆకుపచ్చ పొర కడుతుంది, ఆ తరువాత గోధుమరంగు నాచు అల్లుకుంటుంది. ఒకసారి మూడు బల్లపగడాలు వరుసగా గోధుమరంగులో, పచ్చగా, తెల్లగా కనబడితే, ఆ తెల్లదాని నుంచి ముందుకు ఈదాను. నాలుగో బల్ల అంచు కింద ఎర్రని మొనలున్న ముళ్ళు నాలుగైదు బయటకు పొడుచుకొని ఉన్నాయి. మిగతా శరీరమంతా నీడలోనే ఉంది. పడవ మీద నుంచి అది కనబడే అవకాశమే లేదు.

పొరబడే చోట్లు ఇంకా ఉన్నాయి. కొమ్మల పగడాన్ని మొదలు నుంచి పైకి ఎగుడుదిగుడు అంచుతో తింటూ పోయేవి డ్రూపెల్లా నత్తలు. కొమ్మల సందుల్లో చూస్తే అవి గుంపుగా దొరుకుతాయి. దిండులా ఉబ్బి ఉండే కల్సిటా నక్షత్రచేప చిన్న పగడాలను తిని గుండ్రని మచ్చ వదులుతుంది. చిలుకచేప కొరికితే అస్థిపంజరమే గీరుకుపోయి గాట్లు పడతాయి. తెగులైతే తెల్లని పట్టీ పగడం మీద మెల్లగా జరుగుతూ పోతుంది, తినే జీవి ఎంత వెతికినా దొరకదు. ఒక్కసారి చూసి తెగులును తేల్చడం నా ఉద్దేశంలో తొందరపాటే. అదే పగడాన్ని, పక్కన కొలబద్ద పెట్టి, నాలుగైదు రోజుల తరువాత మళ్ళీ ఫొటో తీయాలి.

రాతిరేవు:
ఇంత పరిశీలన జరిగేలోపు దిబ్బ మిగలదేమోనన్నది నా భయం. పెద్ద నక్షత్రచేప ఒక్కటే ఏడాదికి పది చదరపు మీటర్ల వరకు పగడాన్ని తినగలదు. 1960ల చివర్లో గువామ్ దీవిలో రెండున్నరేళ్ళలోనే 38 కిలోమీటర్ల తీరం పొడవునా 90 శాతం పగడాలు చనిపోయాయని నమోదైంది. ఇప్పుడు విరుగుడు కూడా సులువే. ఒకప్పుడు ఒక్కో జీవికి పలుమార్లు రసాయనం ఎక్కించవలసి వచ్చేది, ఇప్పుడు పశువుల పైత్యరసం ఒక్క ఇంజెక్షన్ చాలు. వెనిగర్ కూడా పనిచేస్తుందని తేలింది. కనబడినదాన్ని కనబడినట్టు తొలగించాలన్నది నా అభిప్రాయం.

ఉప్పుగాలి:
రాతిరేవు గారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ ఈ మాటతో ఏకీభవించలేను. ఈ జీవి ఎక్కడి నుంచో వచ్చి పడినది కాదు, ఇండో-పసిఫిక్ దిబ్బల్లో అనాదిగా ఉన్నదే. తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు వేగంగా పెరిగే అక్రోపోరాను ఎక్కువగా తిని, నిదానంగా పెరిగే పగడాలకు చోటు కల్పిస్తుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఒక్కో టోలో, అంటే ఒక్కో రెండు నిమిషాల విడతలో, నక్షత్రచేపల సంఖ్య సగటున 0.22 దాటితే విజృంభణ మొదలవుతున్నట్టు, 1 దాటితే పూర్తి స్థాయి విజృంభణగా పరిగణిస్తారు. తొలగించాలా వద్దా అన్న నిర్ణయానికి ఆ సగటే కావాలి, ఆ సగటు సర్వే నుంచే రావాలి. రక్షిత ప్రాంతాల్లో అనుమతి లేకుండా చంపడం నేరం కూడా కావచ్చు. కోసి పడేయడం మాత్రం ఎక్కడా చేయకండి, తెగిన చేతులను అది మళ్ళీ పెంచుకోగలదు.

అయితే ఆలస్యం కూడదన్న మీ మాట నిజమే. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 1985 నుంచి 2012 వరకు జరిపిన సర్వేలను కలిపి చూస్తే, సజీవ పగడపు విస్తీర్ణం 28 శాతం నుంచి 13.8 శాతానికి పడిపోయింది. ఆ నష్టంలో తుఫానుల వాటా 48 శాతం, నక్షత్రచేపల వాటా 42 శాతం, బ్లీచింగ్ వాటా 10 శాతం అని తేల్చారు. ఏ మచ్చ దేనివల్ల వచ్చిందో ఏటేటా రాసిపెట్టినవారు లేకపోతే ఈ మూడింటినీ విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

నీటిగంట:
చిన్న హెచ్చరిక. ముళ్ళు నాలుగైదు సెంటీమీటర్ల పొడవు ఉండి, చేతి తొడుగులోంచి కూడా దిగుతాయి. నాకు చూపుడువేలికి గుచ్చుకొని మూడు గంటలు నరకం కనబడింది. చర్మం కాలనంతటి వేడినీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల లోపు, ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే వైద్యుని వద్దకే వెళ్ళాలి. పడవలో వేడినీటి ఫ్లాస్కు లేకుండా దిగకండి.

గుర్తుమేకు:
పగడపు ఆరోగ్యం సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నక్షత్రచేపల లెక్క ఒక్కటే రాసి ఊరుకునే బృందాలను చాలా చూశాను. తాహితీ పక్కనున్న మూరియా దీవిలో 2006 నుంచి 2010 వరకు సాగిన విజృంభణలో బయటి వాలు మీద నలభై శాతం దాకా ఉన్న పగడం ఐదు శాతం లోపుకు పడిపోయింది. 2010 ఫిబ్రవరిలో ఓలి తుఫాను ఆ అస్థిపంజరాలను కూడా ఊడ్చుకుపోయింది. అయినా తరువాతి ఏళ్ళలో అక్కడ పగడం తిరిగి కమ్ముకుంది. ఆ కోలుకోవడం లోకానికి తెలిసింది, అవే చోట్లను ఏటా చూస్తూ వచ్చినందువల్లే.

మీరు కూడా కనీసం ఐదారు చోట్ల మేకులు దిగగొట్టి, ఒకే కోణం నుంచి చట్రం పెట్టి ఫొటోలు తీయండి. రంగు పోల్చడానికి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కోరల్‌వాచ్ రంగుల కార్డు ఉంది. అందులో లేత నుంచి ముదురు వరకు ఒకటి నుంచి ఆరు మెట్లు ఉంటాయి. అదే పగడం రెండు మెట్లు లేతబడితే దాన్ని జాగ్రత్తగా గమనించాలి. గోరంత కొత్త పిల్ల పగడాలను కూడా లెక్కపెట్టండి. దిబ్బ తేరుకుంటుందా లేదా అన్న కబురు మొదట వాటి నుంచే వస్తుంది.

తొలిలోతు:
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు నిన్న సాయంత్రం వెలుతురు తగ్గాక అదే వాలులో ఇద్దరం దిగాం. పగడపుకన్ను గారు వర్ణించిన గిన్నెలు అచ్చం అలాగే ఉన్నాయి. పచ్చబడిన మచ్చల నుంచి తెల్లని వాటి వైపు వెళితే, ఇరవై అడుగుల మేరలో మూడు నక్షత్రచేపలు దొరికాయి. పాత పత్రంలో టో సున్నాను అలాగే ఉంచి, మేత మచ్చల గడిలో 'పదికి మించి' అని చేర్చి, చేర్చిన తేదీ పక్కన వేశాను. సాయంత్రపు లెక్కకు వేరే పత్రం తెరిచాం. మొదటి రెండూ 31, 27 సెంటీమీటర్లు ఉన్నాయి. మూడోది కొలబద్ద చూపేలోపే బల్ల కిందికి జరిగిపోయింది. దాని గడిలో 'కొలవలేదు' అని రాశాను.