అప్‌డేట్: మా ట్రాన్స్‌పోర్టులో మనుషులు ఎందుకు నిలవట్లేదో తెలిసిందండి

రావులపాలెంలో చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, 12 మందిమి, ఏడాదిలో ఐదుగురు మానేశారు, జీతాలు పెంచాలా అని వేసవిలో అడిగాను కదండీ. ముందు మానేసినవాళ్లనే అడగమన్నారు మీరు. మొహం చెల్లక నెల్లాళ్లు నాన్చి, చివరికి వెళ్లాను.

ముగ్గురు మాట్లాడారు. జీతం మాట ఒక్కడే ఎత్తాడు, అదీ ఆఖర్న.

డ్రైవరు చెప్పింది వినండి. అరటిగెలల లోడుతో చెన్నై కోయంబేడు మార్కెట్‌కి వెళ్తే దింపడానికి ఒక్కోసారి రోజున్నర పడిగాపులు. ఆ హాల్టింగు డబ్బు పార్టీ దగ్గర నేను వసూలు చేసుకున్నాను, అతనికి బత్తా మాత్రం ఇవ్వలేదు. పైగా కాయ పండిపోయిందని పార్టీ కోసిన డ్యామేజీ అతని లెక్కలో రాశాను. ఎండలో లారీ ఆగితే పండు ఆగుతుందా? ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

బుకింగ్ గుమస్తా తణుకులో రైస్‌మిల్లులో చేరాడు, నేనిచ్చేదానికంటే 500 తక్కువకే. "ఆరింటికి ఇంటికెళ్తున్నానండి, రాత్రి ఫోను మోగదు" అన్నాడు. మూడో అతను మా బావమరిది నోటికి జడిసి పోయాడు. దాని గురించి ఇంట్లో ఇంకా గొడవే, వదిలేయండి.

ఇప్పుడు హాల్టింగు రోజుకి బత్తా విడిగా ఇస్తున్నాను, డ్యామేజీ ఆఫీసుదే. రాత్రి ఫోన్లు నేనే చూస్తున్నాను. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్టాలని మీలో ఒకరు గుర్తుచేశారు: జీతం 21,000 దాటనివాళ్లకి యజమాని 3.25 శాతం, వాళ్ల జీతంలోంచి 0.75. ఆడిటరుకి కాగితాలిచ్చాను.

డ్రైవరు తిరిగొచ్చాడు. గుమస్తా మాత్రం టీ ఇచ్చి పంపించాడండి.