సోర్సు నుంచి కట్టుకునే లినక్స్: దేన్ని ఎంచుకోవాలి, ప్యాకేజీలను ఎలా చూసుకోవాలి?

ప్రశ్న
అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా డెబియన్ వాడుతున్న నాకు, ప్రతి ప్యాకేజీనీ నా అవసరానికి తగ్గట్టు సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకునే (అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చుకునే) డిస్ట్రోకు (లినక్స్ పంపిణీకి) మారాలని ఉంది. నా ల్యాప్‌టాప్‌లో నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. జెంటూ, క్రక్స్, లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్‌లలో ఏది మేలు? ఆఫీసు పని కూడా దీని మీదే చేయాలి కనుక, అప్‌డేట్ల దగ్గర చిక్కుల్లో పడతానేమోనన్నదే నా ప్రధాన సందేహం.

మొదటి సమాధానం
లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ నిజానికి ఒక పుస్తకం. వ్యవస్థ ఎలా రూపొందుతుందో అంత చక్కగా నేర్పేది మరొకటి లేదు గానీ, అందులో ప్యాకేజీ మేనేజర్ ఉండదు కాబట్టి భద్రతా లోపాలు బయటపడిన ప్రతిసారీ వాటిని మీరే గమనించి సరిదిద్దుకోవాలి. క్రక్స్ సరళమైనదే అయినా, ఆ సరళత వల్ల కొంత భారం మీ మీదే పడుతుంది.

రోజువారీ పనికి నేను జెంటూనే సూచిస్తాను. ఒక లైబ్రరీ (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్) కొత్త వెర్షన్‌కు మారినప్పుడు, దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ అయ్యే దాకా జెంటూ ప్యాకేజీ మేనేజర్ అయిన పోర్టేజ్ పాత లైబ్రరీని తొలగించకుండా ఉంచగలదు. బ్లూటూత్ వంటి అక్కరలేని సౌకర్యాలను యూజ్ ఫ్లాగులతో (ప్యాకేజీలో ఏ సౌకర్యాలు ఉండాలో చెప్పే సెట్టింగులతో) ముందే తీసేయండి.

రెండవ సమాధానం
జెంటూ విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తాను కానీ, ఫ్లాగులను ఆరంభంలోనే విస్తారంగా మార్చడం మంచిది కాదండి. 2023 డిసెంబరు నుంచి జెంటూ ప్రాజెక్టు ఏఎండీ64, ఆర్మ్64 యంత్రాలకు విస్తృతంగా బైనరీ (ముందే కంపైల్ చేసిన) ప్యాకేజీలనూ అందిస్తోంది. మీ ఫ్లాగులు వాటితో సరిపోలితే పోర్టేజ్ ఆ బైనరీనే తెచ్చుకునేలా అమర్చుకోవచ్చు, సరిపోలనివి సోర్సు నుంచి కంపైల్ అవుతాయి. ప్రొఫైల్ (జెంటూ ముందే ఇచ్చే సెట్టింగుల సమితి) ఇచ్చిన ఫ్లాగులనే ఉంచుకుని, మార్పు నిజంగా కావలసిన చోట మాత్రం ప్యాకేజ్.యూజ్ ఫైలులో ఆ ఒక్క ప్యాకేజీకే రాసుకోండి.

ఏకకాలంలో నడిచే ఒక్కో కంపైల్ పనికి సుమారు 2 జీబీ ర్యామ్ అని లెక్క వేస్తారు. అంటే మీ యంత్రం మీద నాలుగు పనులు హద్దు. క్యూటీ వెబ్‌ఇంజిన్ వంటి భారీ ప్యాకేజీలకు రెండే పెట్టండి.

మూడవ సమాధానం
అప్‌డేట్ చేసేటప్పుడు పోర్టేజ్ ఆదేశమైన ఎమర్జ్‌ను ఆస్క్, వెర్బోస్ ఆప్షన్లతో నడిపి, అది చూపే జాబితాను నింపాదిగా చదవండి. ఫ్లాగు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే గతంలో ఇన్‌స్టాల్ చేసినప్పటి నుంచి దాని స్థితి మారిందని అర్థం, శాతం గుర్తు ఉంటే అది కొత్తగా వచ్చిందనో తొలగిపోయిందనో అర్థం. ఏదైనా లైబ్రరీని విడిగా మళ్లీ కంపైల్ చేయవలసి వస్తే వన్‌షాట్ ఆప్షన్ తప్పనిసరిగా వాడండి. లేకపోతే అది వరల్డ్ ఫైలులో (మీరు స్వయంగా కోరుకున్న ప్యాకేజీల జాబితాలో) చేరిపోయి, అవసరం తీరాక కూడా, అక్కరలేని ప్యాకేజీలను తీసేసే డెప్‌క్లీన్ దాన్ని తొలగించదు. అలాగే వ్యవస్థ మొత్తాన్ని అప్‌డేట్ చేశాకే డెప్‌క్లీన్ నడపండి.