బాస్కెట్‌బాల్ కోసం జూకోకి పంపాలా, చేతికొచ్చిన కంప్యూటర్ సైన్స్ సీటే తీసుకోవాలా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్కారం. మావాడు ట్వెల్త్ గ్రేడ్, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ (బంతిని నడిపించి ఆట కట్టేవాడు), ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. పశ్చిమ టెక్సస్‌లో ఒక జూనియర్ కాలేజ్ కోచ్ వాడి ఆట వీడియోలు చూసి, క్యాంపస్‌కి పిలిపించి, "మా జట్టులో నీకు చోటుంది" అన్నాడు. మన దగ్గర జూనియర్ కాలేజ్ అంటే ఇంటర్ కదా, మా అమ్మకి ఫోన్లో చెప్తే "మళ్లీ ఇంటరెందుకురా?" అని కంగారుపడింది. ఇక్కడ అది హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజ్, పొట్టిగా జూకో అంటారు. అవతల యూటీ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చి ఉంది. వాడేమో ఆటకే పోతానంటున్నాడు. మూడు రోజులుగా ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. మేమింకా హెచ్-1బీ మీదే ఉన్నాం, పిల్లాడిది మా మీద ఆధారపడిన హెచ్-4 వీసా. మీరైతే పంపుతారా?

ప్లేనో బాబాయ్:
పంపను. ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు. ఆ లెక్కలో మన పిల్లాడి చోటెక్కడో మీరే చూసుకోండి. రెండేళ్లు బస్సుల్లో తిరిగి వచ్చేసరికి తోటి పిల్లలు ఇంటర్న్‌షిప్‌లు చేస్తుంటారు. ఆడాలని ఉంటే చదువుకుంటూ ఆడుకోమనండి. కఠినంగా చెప్తున్నానని అనుకోవద్దు, నా కొడుకైనా ఇదే మాట.

హ్యూస్టన్ గార్డ్:
బాబాయ్ గారూ, ఎన్‌బీఏ కోసమే ఆడతారని ఎవరన్నారండీ? నేను ఇక్కడే పుట్టి పెరిగాను, హైస్కూల్‌తోనే నా ఆట ఆగిపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఎన్‌బీఏ స్టార్ జిమ్మీ బట్లర్ మన టెక్సస్ టామ్‌బాల్ కుర్రాడే. పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోకపోతే టైలర్ జూనియర్ కాలేజ్‌లో ఒక ఏడాది ఆడి మార్క్వెట్ యూనివర్సిటీకి వెళ్లాడు, 2011లో ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 30వ పిక్. అందరూ బట్లర్లు కారు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు 18 ఏళ్ల పిల్లాడికి పిలుపు రావడమే కష్టంగా ఉంది. 2024 నుంచి యూనివర్సిటీ ఆటగాళ్లు ఎన్నిసార్లయినా కాలేజ్ మారొచ్చు. దాంతో కోచ్‌లు అప్పటికే రాటుదేలిన 21, 22 ఏళ్లవాళ్లని తెచ్చుకుంటున్నారు. అక్కడ చోటు దొరకనివాళ్లు జూకోలకి దిగివస్తున్నారు. ఇంత పోటీలో మీవాడిని పిలిచారంటే వాడిలో ఏదో చూశారన్నమాట.

విచిటా అమ్మ:
అన్నయ్యగారూ, మావాడు కాన్సస్‌లో రెండేళ్లు జూకో ఆడాడు. మీరడగాల్సిన మొదటి ప్రశ్న పంపాలా వద్దా అని కాదు. ఆ "చోటు" అంటే ఏమిటి?

జూనియర్ కాలేజ్‌ల ఆటల సంఘం ఎన్‌జేసీఏఏలో మూడు డివిజన్లు. ఒకటో డివిజన్‌లో ట్యూషన్ ఫీజు, ఇతర ఫీజులు, పుస్తకాలు, హాస్టల్, భోజనం అన్నీ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే అందరికీ ఇస్తారని కాదు. రెండో డివిజన్‌లో హాస్టలూ భోజనమూ మన జేబులోంచే. మూడో డివిజన్‌లో ఆట పేరుమీద పైసా రాదు. మీరు చెప్పింది పశ్చిమ టెక్సస్ కాబట్టి ఒకటో డివిజనే అయి ఉంటుంది, అయినా అడగండి. అసలు కాగితం లెటర్ ఆఫ్ ఇంటెంట్. ఏమేం ఇస్తారో అందులో రాసి, సంతకాలు పెట్టి ఇస్తారు. అది కూడా ఒక్క ఏడాదికే.

మాకు ఆ కాగితం రాలేదు. కోచ్ ఫోన్లో ఎంతో ప్రేమగా మాట్లాడాడు, నమ్మేశాం. ఆగస్టులో సామాన్లు దింపడానికి వెళ్తే జట్టులో చేరడానికి వచ్చిన పిల్లలు 20 మందికి పైనే ఉన్నారు. మావాడికి జెర్సీ కూడా ఇవ్వలేదు. ఆ ఏడాదంతా ఫీజు మేమే కట్టుకున్నాం. రాత్రిళ్లు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉండేవాడు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రెండో ఏడాది ఆడాడు, బాగా ఆడాడు, తర్వాత ఒక చిన్న యూనివర్సిటీ సగం స్కాలర్‌షిప్‌తో తీసుకుంది. మళ్లీ అవకాశమొస్తే పంపుతారా అంటే, పంపుతాను. కాగితం చేతికొచ్చాకే.

ప్లేనో బాబాయ్:
అమ్మా, మీ అనుభవమే నా మాటని బలపరుస్తోంది కదా?

విచిటా అమ్మ:
లేదు బాబాయ్ గారూ. మమ్మల్ని ముంచింది ఆట కాదు, అడగాల్సినవి అడగకపోవడం. క్రెడిట్ల (పూర్తిచేసిన కోర్సుల లెక్క) సంగతీ అంతే. ఎన్‌బీఏలో ఆడిన జే క్రౌడర్ మొదట జార్జియాలో ఒక కాలేజ్‌లో ఆడాడు. దాని గుర్తింపు సరిగా లేక అక్కడి క్రెడిట్లు చాలావరకు పనికిరాలేదు. టెక్సస్ బిగ్ స్ప్రింగ్‌లోని హోవర్డ్ కాలేజ్‌కి వెళ్లి మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. టెక్సస్ ప్రభుత్వ కాలేజ్‌లలో 42 క్రెడిట్ గంటల కోర్ (అందరికీ ఉమ్మడిగా ఉండే కోర్సులు) పూర్తిచేస్తే ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి, అది ధైర్యమే. కానీ కంప్యూటర్ సైన్స్‌కి కోర్ ఒక్కటే చాలదు. క్యాలిక్యులస్, ఫిజిక్స్ వరసగా తీసుకోవాలి. చిన్న ఊరి కాలేజ్‌లో ఆ క్లాసులు ప్రతి సెమిస్టర్ ఉంటాయా? ప్రాక్టీస్ టైమ్‌కి అడ్డుపడతాయా? కోచ్‌ని కాదు, రిజిస్ట్రార్‌ని అడగండి.

అర్వింగ్ అక్క:
హెచ్-4 మాట ఎవరూ ఎత్తట్లేదు. ఇప్పుడు 18 అంటే 21 నిండేది మూడో ఏడాదిలో, సరిగ్గా జూకో అయిపోయి యూనివర్సిటీ మారాక. 21 నిండితే హెచ్-4 చెల్లదు, ఆలోపు గ్రీన్ కార్డ్ రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. ఒకేసారి కొత్త ఊరు, కొత్త జట్టు, కొత్త వీసా. స్పాన్సర్ల నుంచి వచ్చే డబ్బు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, హెచ్-4కి పనిచేసే అనుమతి లేదు. ఫెడరల్ గ్రాంట్లూ రావు. ఆట స్కాలర్‌షిప్ కాలేజ్ ఇచ్చేది కాబట్టి దానికి ఈ అడ్డు లేదు. సంతకం పెట్టేముందు లాయర్‌తో ఒక్క గంట మాట్లాడండి తమ్ముడూ.

ఫ్రిస్కో నాన్న:
అందరికీ ధన్యవాదాలు. ఈ సాయంత్రం కోచ్‌కి ఫోన్ చేశాను. ఒకటో డివిజనే. ట్యూషన్, పుస్తకాలు ఇస్తాడట, హాస్టల్ సగం. కాగితం పంపమంటే రేపు పంపుతానన్నాడు. జట్టులో ఇప్పటికే ఎంతమంది గార్డులున్నారని అడిగితే కాసేపు ఆగి "ఆరుగురు" అన్నాడు. మావాడు పక్కనే ఉన్నాడు, "ఏడోవాడిగా వెళ్తాను నాన్నా, నాలుగోవాడిని అయ్యాక చూడు" అన్నాడు. వాడి మొహం చూస్తే కాదనడానికి నోరు రాలేదు.

ప్లేనో బాబాయ్:
నా అభిప్రాయం మారలేదు. కానీ యూటీడీ సీటుని ఒక ఏడాది వాయిదా వేయడానికి వీలుందేమో సోమవారమే అడగండి.

ఫ్రిస్కో నాన్న:
అడుగుతాను బాబాయ్ గారూ. రిజిస్ట్రార్ ఆఫీసుకి శుక్రవారం వెళ్తున్నాం. మా ఆవిడ కూడా వస్తానంది, కోర్సుల జాబితా తనే రాసుకుంటోంది.