సమస్య: "లెక్క తప్పినపుడె లెక్క కుదిరె" (ఈ ఏటి చదువు లెక్కా, మీకు నచ్చిన మాయల కథలూ)

నిర్వాహకురాలు:
అందరికీ నమస్తే. డిసెంబరు ఆఖరి వారం కదా, జనవరిలో ఎవరెవరం ఎన్ని పుస్తకాలు చదువుతామని రాసుకున్నామో వెనక్కెళ్ళి చూసొచ్చాను. నేను 40 అని రాశాను, 23 దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందంటే ఆగస్టులో కంచుకోట చేతికొచ్చింది, అది అవగానే పాతాళదుర్గం, ఆ తర్వాత శిథిలాలయం, ఇంక వేరే పుస్తకం మీదికి మనసు పోలేదు, అయిపోయినవే మళ్ళీ తీశాను. చిన్నప్పుడు చందమామలో నెలకో ముక్క చదివి మిగతా నెలంతా ఊహించుకునేవాళ్ళం, ఇప్పుడు ఒకే బిగిన చదువుతుంటే దాసరి సుబ్రహ్మణ్యం గారు ప్రతి భాగాన్నీ ఎక్కడ తెంపారో ఆ కోతలు కనబడుతున్నాయి, ఆయన పనితనం ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది.

అందుకే ఈసారి సమస్య ఇది, ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

*లెక్క తప్పినపుడె లెక్క కుదిరె*

కొత్తవాళ్ళ కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4లో అయిదూ సూర్యగణాలే. (సూర్యగణం అంటే మూడు లఘువులు గానీ, గురువు లఘువు గానీ; ఇంద్రగణాలు భ, ర, త, నగ, సల, నల.) యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి, దాని బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) వేసినా సరే. ప్రాస నియమం లేదు. ఈ ఏడు మీ లెక్క ఎంతవరకు వచ్చిందో, ఏ మాయల కథ మిమ్మల్ని పట్టేసిందో రెండు ముక్కలు రాసి పద్యం పెట్టండి.

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, నేను వారానికొకటి చొప్పున 52 అనుకున్నాను. ఫిబ్రవరిలో మా ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది, కొన్నాళ్ళు చదవొద్దన్నారు, సరే నేనే చదివి వినిపిస్తానని కాశీమజిలీ కథలు మొదలుపెట్టాను. పన్నెండు భాగాలు, మధిర సుబ్బన్న దీక్షితులు గారు మా రాజమండ్రిలోనే ఉండి రాసినవి. పైకి చదివితే పేజీ ఎంత నెమ్మదిగా కదులుతుందో అప్పుడు తెలిసింది. కాశీకి పోయే మణిసిద్ధుడి వెంట బయల్దేరిన గొల్లపిల్లాడు మజిలీ మజిలీకీ కథ చెప్పమంటాడు చూడండి, మా ఇంట్లో ఆ పిల్లాడి పని ఆవిడ చేసింది, ఒక కథలోంచి ఇంకో కథలోకి దిగినప్పుడల్లా "ఆగండి, ఇప్పుడు చెప్తున్నది ఎవరు, ఎవరితో?" అని అడిగేది, నేను నాలుగు పేజీలు వెనక్కి తిప్పేవాణ్ణి. కన్ను బాగైపోయింది, ఇప్పటికీ నన్నే చదవమంటుంది.

*వారమునకు నొకటి వంతు వేసితిఁ గాని*
*కాశిమజిలి కథల కడలి మునిఁగి*
*ఏడు గడిచె; ముగిసె నెన్ని? మూఁడె! యయిన*
*లెక్క తప్పినపుడె లెక్క కుదిరె*

గుంటూరు అక్క:
మాస్టారూ, పద్యం చక్కగా నడిచింది. "ముగిసె నెన్ని? మూఁడె!" దగ్గర ప్రశ్నా జవాబూ పక్కపక్కనే పడటం నాకు చాలా నచ్చింది. ఏ–నె యతి కూడా ముగిసెను + ఎన్ని కాబట్టి హాయిగా కుదిరింది. కాశీమజిలీని "కాశిమజిలి" అని కుదించారు, వాడుకలో అలా అంటాం కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఒక్క మాట, "కడలి మునిఁగి" అంటే ఏదో ఆపద వచ్చినట్టుంది, "కడలిఁ దేలి" అంటే గణాలకీ సరిపోతుంది, హాయిగానూ ఉంటుంది కదా?

రాజమండ్రి మాస్టారు:
సరిపోతుందమ్మా, మంచి సవరణే. కానీ మేం తేల్లేదు, మునిగాం. అదే ఉంచనివ్వు.

మధురవాడ తమ్ముడు:
నా లెక్క 30. యాప్‌లో 11 చూపిస్తోంది. మా పాపకి ఏడేళ్ళు, రాత్రి పడుకునేముందు తోకచుక్క చదువుతున్నాం. దాసరి గారి మొదటి సీరియల్ అది, 1954లో వచ్చింది, చిత్రా గారి బొమ్మలు. బొమ్మ వచ్చిన పేజీ మీద అరచెయ్యి పెట్టేసి "తిప్పకు నాన్నా" అంటుంది, ముందు బొమ్మలో ఎవరెవరున్నారో లెక్కపెట్టాలి, ఎవరి కత్తి ఏ చేతిలో ఉందో చూడాలి, అప్పుడే పేజీ తిప్పనిస్తుంది. అయిపోయిన మర్నాడు మళ్ళీ మొదటినుంచి. ఇలా పదిసార్లు. యాప్ ఏమో దాన్ని ఒక్క పుస్తకం అంటోంది.

*పాప యడుగ మరల పదిమార్లు చదివితి*
*తోకచుక్క కథనె తొలుత నుండి;*
*ఒకటె యనునొ డైరి, యొప్పునో పదియని*
*లెక్క తప్పినపుడె లెక్క కుదిరె*

గుంటూరు అక్క:
తమ్ముడూ, మూడో పాదం బంగారం. రెండోసారి చదివిందాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అని ప్రతి డిసెంబరులో మనం పడే గొడవంతా ఆ ఒక్క పాదంలో పెట్టేశావు. వ్యాకరణం చూస్తే "చదివితి" ద్రుతాంతం (చివర న్ వచ్చే మాట) కదా, దాని తర్వాత త వస్తే ద అవ్వాలి, "చదివితిఁ దోకచుక్క" అని ఉండాలి. దో–తొ కాబట్టి యతికీ ఢోకా లేదు.

మధురవాడ తమ్ముడు:
అక్కా నిజమే, ముందు అలాగే రాశాను. పాపకి చదివి వినిపిస్తే "దోకచుక్క ఏంటి నాన్నా, తప్పు" అంది, మార్చేశాను.

నిర్వాహకురాలు:
పుస్తకం పేరు కాబట్టి ఉన్నదున్నట్టు ఉంచొచ్చని నా అభిప్రాయం. పేరు మారిస్తే అది చదివినవాళ్ళకి గుర్తే తగలదు. మామూలు మాటైతే అక్క చెప్పిందే పద్ధతి.

డాలస్ నుంచి:
నేను కొత్త, ఛందస్సు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. పోయిన న్యూ ఇయర్‌కి ఆఫీసులో ఫ్రెండ్స్‌తో 100 పుస్తకాలని పందెం వేశాను. వీల్ ఆఫ్ టైమ్ అనే ఇంగ్లీషు ఫాంటసీ సిరీస్ 14 సంపుటాలూ చదివేసి లెక్క గబగబా పెంచుకుందామని ప్లాన్, నాలుగయ్యాయి. జూన్‌లో తెనాలి వెళ్తే అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీద ఇత్తడి బిందెల వెనకాల కళాపూర్ణోదయం దొరికింది. అట్ట లేదు, మొదటి ఆశ్వాసం అంచులు చెదపురుగు తినేసింది, మార్జిన్లలో తాతయ్య పెన్సిలుతో అర్థాలు రాసుకున్నారు, చాలాచోట్ల ఆ అర్థాలే నాకు దారి చూపించాయి. ఇక్కడికి తెచ్చుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకి అయిదారు పద్యాలు చదివాను. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగడంతో మామూలుగా మొదలవుతుంది, ఎక్కడో చాలా దూరం వెళ్ళాక పసిపాప మధురలాలస తన పోయిన జన్మ కథ చెప్తుంది, అప్పుడు ముందు చదివిందంతా ఇంకోలా కనబడుతుంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన ఇలా ముడి వేసి ఇలా విప్పాడంటే నాకు ఒళ్ళు జలదరించింది. పద్యం కుదరట్లేదు. మొదటి పాదం ఇలా రాశాను:

*అటక మీద దొరికె కళాపూర్ణోదయం*

యతీ లేదు, గణాలూ రావట్లేదు. పేరే మార్చేయనా?

రాజమండ్రి మాస్టారు:
పేరు మార్చొద్దు తల్లీ. నాలుగో గణం "కళాపూ" అయింది, అది యగణం, ఆటవెలదిలో దానికి చోటు లేదు. ఆ పేరులో ళా, పూ, ర్ణో మూడు గురువులు వరసగా ఉన్నాయి, ఆ మూడూ ఒకే గణంలో ఇమడవు, అందుకే దాన్ని పాదం చివర రెండు ఇంద్రగణాల మధ్య చీల్చాలి. ముందు "ఆ" పెట్టు. "నాకళా" రగణం, "పూర్ణోద" తగణం, మిగిలిన "యమ్ము" కింద పాదంలోకి దిగుతుంది. "దొరకెను + ఆ" కాబట్టి అ–ఆ యతి కూడా దానంతట అదే వచ్చేస్తుంది, చూడు:

*అటక మీఁద దొరకె నా కళాపూర్ణోద*
*యమ్ము;*

ఇక్కణ్ణుంచి నువ్వే రాయి. రెండో పాదం య తో మొదలైంది కాబట్టి అ, ఆ, య, హ ఏది వేసినా యతి చెల్లుతుంది.

డాలస్ నుంచి:
మాస్టారూ, రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. ఇదిగోండి:

*అటక మీఁద దొరకె నా కళాపూర్ణోద*
*యమ్ము, వదల లేక యయిదు నెలలు*
*వంద పొత్తములను పందెమే మఱచితి*
*లెక్క తప్పినపుడె లెక్క కుదిరె*

గుంటూరు అక్క:
వంద–పందె యతి నీ అంతట నువ్వే వేశావా! వకారానికి ప, ఫ, బ, భలతో యతి చెల్లుతుందని చాలామందికి ఏళ్ళు గడిచినా గుర్తుండదు. "వంద పొత్తములు అను పందెము" అని విరుపు కూడా శుద్ధంగా ఉంది. నేను చెప్పేదేం లేదు.

వరంగల్ నుంచి:
నేను లెక్క పెట్టుకునుడు ఈ ఏడు బంద్ చేసిన, అందుకని చెప్పడానికి నంబరు లేదు. కానీ బేతాళ కథలు మొత్తం మళ్ళీ చదివిన. మనకు చందమామ బేతాళుడే ఎక్కువ తెలుసు గదా, సోమదేవుని కథాసరిత్సాగరంల చివరి చిక్కుముడి వేరే తీరుగ ఉంటది. అడవిల ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూసి తండ్రీకొడుకులు ఒప్పందం చేసుకుంటరు, పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అని. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. మాట మాటే గదా, అట్లనే పెండ్లిళ్ళయితయి. వాళ్ళ పిల్లలు ఒకరికొకరు ఏం వరుస అని బేతాళుడు అడిగితే రాజుకు తెల్వలేదు, మౌనంగ నడిచిండు, ఇన్నిసార్లు చెట్టుకు తిరిగిపోయిన శవం ఆ ఒక్కసారి భుజం మీదనే ఉన్నది.

*వరుస తెలియనట్టి ప్రశ్న వేసెను భూత*
*మపుడు పెదవి విప్పఁ డాయె రాజు*
*శవము భుజమునుండి జాఱక నిలిచెను*
*లెక్క తప్పినపుడె లెక్క కుదిరె*

మధురవాడ తమ్ముడు:
అన్నా, ఒక డౌటు. "ప్రశ్న" ముందున్న "ట్టి" గురువు అయిపోదా? అప్పుడు "నట్టి" సూర్యగణం కాదు కదా?

రాజమండ్రి మాస్టారు:
కాదు నాయనా. "తెలియనట్టి" వేరే పదం, "ప్రశ్న" వేరే పదం, సమాసం కాదు. తెలుగు పదం పక్కన సంయుక్తాక్షరంతో ఇంకో పదం మొదలైతే ముందుది లఘువుగానే ఉంటుంది. ప్ర కి వ తో యతి కూడా సరే.

నిర్వాహకురాలు:
నేను అడిగిన "ఈ ఏటి చదువు" ఈ పద్యంలో లేదు, నిజమే. కానీ సమస్యాపూరణంలో అసలు ఆనందం ఇచ్చిన పాదం అర్థాన్ని ఊహించని చోటికి తీసుకెళ్ళడంలోనే ఉందని నేను నమ్ముతాను. మనమందరం లెక్క అంటే పుస్తకాల సంఖ్యే అనుకున్నాం, వరంగల్ అన్న మొదటి లెక్కని బంధుత్వాల వరుస చేశారు, రెండో లెక్కని రాజు పడ్డ శ్రమంతటికీ దక్కిన ఫలితం చేశారు. రాజు ఓడిపోవడమే గెలుపైన కథకి ఈ పాదం దానికోసమే రాసినట్టుంది. నా వరకు ఈ నెల మేటి పూరణ ఇదే. మనసుకి దగ్గరగా వచ్చింది మాత్రం డాలస్ అమ్మాయిది, తాతగారి పెన్సిలు గీతలు చదివాక కాసేపు ఇంకేం చదవలేకపోయాను.

డాలస్ నుంచి:
థాంక్స్ అండీ. ఒక ప్రశ్న, మధురలాలస ఘట్టం అయ్యాక మళ్ళీ మొదటి ఆశ్వాసానికి వెళ్ళాను, ఇప్పుడు రెండోసారి నడుస్తోంది. వచ్చే ఏడు లెక్కలో దీన్ని వేసుకోవచ్చా?

మధురవాడ తమ్ముడు:
వేసుకో చెల్లీ, మా పాప ఒప్పుకుంటుంది.

నిర్వాహకురాలు:
వేసుకోమ్మా. జనవరి సమస్య కూడా ఇప్పుడే ఇచ్చేస్తున్నా, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

*పుస్తకములు చదువ బుద్ధి చెడును*