మ్యూజియంలో నిలబెట్టిన ఇంజిన్ ఫొటోలను నమ్మి నమూనా చేయవచ్చా?

పర్లాకిమిడి వాసి:
మా ఊరి చిన్న రైలు ఇంజిన్‌ను 1:24 నిష్పత్తిలో చేస్తున్నాను. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్ల దూరం ఈ లెక్కన 31.75కి వస్తుంది కాబట్టి, 'O గేజ్' అనే 32 మిల్లీమీటర్ల నమూనా పట్టాలు చక్కగా సరిపోతాయి. నౌపడ నుంచి మా ఊరికి 1900లో వచ్చిన ఆ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో నారో గేజ్ (ఇరుకు పట్టాల) బండి ఆగిపోయింది, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) లైనుగా మళ్లీ మొదలైంది. మా తాతగారు కొమ్ముతో బొమ్మలు చేసేవారు. సరుకు పెట్టె పట్టుకుని ఆ బండిలోనే నౌపడ వెళ్లి పెద్ద రైలు ఎక్కేవారు. ఆయన పనితనం నాకు కొంత అబ్బింది కానీ, ఆవిరి ఇంజిన్ నడుస్తుండగా నేను చూడలేదు. అందుకే గత నెల ఒక రైలు మ్యూజియానికి వెళ్లి, అక్కడున్న నారో గేజ్ ట్యాంక్ ఇంజిన్‌ను (నీళ్ల తొట్టెను తన మీదే మోసే ఇంజిన్) నాలుగు వందలకు పైగా ఫొటోలు తీసుకున్నాను. వాటిని చూసి ఒక మిత్రుడు, "మ్యూజియం ఇంజిన్ పెళ్లికి ముస్తాబైనట్టు ఉంటుంది. పాత ఫొటోలూ ఇంజిన్ తయారుచేసిన కంపెనీ డ్రాయింగులే ప్రమాణం, వీటిని పక్కన పెట్టు" అన్నాడు. మీరేమంటారు?

చాందా ఫోర్ట్:
మీ మిత్రుడిదే సరైన మాట. మాది చంద్రాపూర్. గోందియా నుంచి నాగ్‌భీడ్ మీదుగా చాందా ఫోర్ట్ వచ్చే నారో గేజ్ బండి చూస్తూ పెరిగాను. నాగపూర్ మోతీబాగ్‌లో నారో గేజ్ మ్యూజియం 2002లో తెరిచాక ఎన్నోసార్లు వెళ్లాను. అక్కడనే కాదు, ఎక్కడైనా ఒకటే తంతు. ఎండకూ వానకూ నిలిచే ఇంజిన్‌కు కొన్నేళ్లకోసారి రంగు వేయక తప్పదు. పూత మీద పూత పడి రివెట్ల తలలు మెత్తబడిపోతాయి. పీడనం చూపే మీటర్లు, దీపాలు, ఇత్తడి పలకలు ఏనాడో ఊడి ఉంటాయి. వాటి స్థానంలో అమర్చినవి అసలువో కావో చెప్పేవారుండరు. అలాంటి ఇంజిన్‌ను చూసి చేస్తే, ఎప్పుడూ ఎక్కడా నడవని ఇంజిన్ తయారవుతుంది.

పాతపట్నం మిస్త్రీ:
నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లు వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. కంపెనీ డ్రాయింగు ఏం చూపిస్తుంది? ఇంజిన్ పుట్టిన రోజును చూపిస్తుంది. మన లైనులో తిరిగిన కెర్ స్టువర్ట్ కంపెనీ 0-6-4 ట్యాంక్ ఇంజిన్ల (నడిపే చక్రాలు ఆరు, వెనుక చిన్న చక్రాలు నాలుగు) వంటివి దశాబ్దాల పాటు పనిచేశాయి. అంతకాలం తిరిగిన ఇంజిన్ పుట్టినట్టే ఉంటుందా? డ్రైవరు నిలబడే క్యాబ్ పైకప్పు మారుతుంది, పైపుల దారి మారుతుంది, బొగ్గు పెట్టెకు అదనంగా రేకు కడతారు. ఇవేవీ ఆ డ్రాయింగులో కనిపించవు, లోహం మీద కనిపిస్తాయి. అతుకు వేసిన రేకు అంచును, వాడకుండా వదిలేసిన బోల్టు రంధ్రాన్ని ఎంత రంగు పూసినా దాచలేరు. వాటిని దగ్గరగా ఫొటో తీసినవారు అదృష్టవంతులు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడండి, అది చక్రం. ఎడ్ల బండి చక్రానికి ఇనుప పట్టీ తొడిగినట్టే, ఇంజిన్ చక్రానికి ఉక్కు టైరును వేడి చేసి తొడుగుతారు. అది అరిగినప్పుడల్లా లేత్ మీద తిప్పి సరిచేస్తాం. అలా తిప్పిన ప్రతిసారీ వ్యాసం తగ్గుతుంది. పనిలోంచి తీసేసి మ్యూజియానికి పంపిన ఇంజిన్‌కు సాధారణంగా అరిగిన టైర్లే ఉంటాయి. మీరు టేపు పెట్టి కొలిచిన అంకె నిజమే, కానీ అది దాని చివరి రోజుల అంకె. కొత్త ఇంజిన్ చేయాలనుకుంటే ఆ అంకె పనికిరాదు.

గుణుపురం టీచర్:
వాదన మంచిదే కానీ, ఆ ఫొటోలు ఎలా తీశారన్నది ఎవరూ అడగలేదు. ఫోను పట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడితే బాయిలర్ ముందు భాగం ఉబ్బినట్టు, వెనుక భాగం కుంచించుకుపోయినట్టు వస్తుంది. అందులోంచి కొలతలు తీస్తే బొమ్మ చెడుతుంది. వీలైనంత వెనక్కి వెళ్లి, జూమ్ చేసి, కెమెరాను ఇంజిన్ సగం ఎత్తులో పట్టుకుని, పక్క భాగానికి లంబంగా, సరిగ్గా ఎదురుగా ఉండి తీయాలి. నేను 300 మిల్లీమీటర్ల పుల్లకు నలుపు తెలుపు గళ్లు వేసి తీసుకెళ్తాను. దాన్ని కొలవాల్సిన భాగం తలంలోనే ఆనించి పెట్టాలి. మీ వైపు ముందుకు జరిగితే పుల్ల పెద్దదిగా కనిపించి లెక్క తప్పుతుంది. మబ్బు పట్టిన రోజు ఇంకా మేలు, ఎండలో అడుగు భాగమంతా నల్లని నీడే.

చాందా ఫోర్ట్:
కొలతల విషయంలో మిస్త్రీ గారి మాట కొంత ఒప్పుకుంటాను. రంగు సంగతేమిటి? పాత ఫొటోలు నలుపు తెలుపువి. నన్నడిగితే, కనపడని మూల గోరంత మేర రంగు గీకితే కింది పొరలన్నీ వరుసగా తెలుస్తాయి. ఎవరికీ నష్టం లేదు.

పాతపట్నం మిస్త్రీ:
నష్టం ఉంది బాబూ. ఈ మాట చాలా కోపంతో రాస్తున్నాను. ఇలాగే ఎవరో గీకారని నేను వెళ్లిన ఒక చోట ఇంజిన్ చుట్టూ తాడు కట్టేశారు. ఇప్పుడు అక్కడ చక్రాల మధ్యకు వంగి చూసే వీలు ఎవరికీ లేదు. పిల్లలకు కూడా లేదు. పైగా పాత రంగులో సీసం ఉండవచ్చు. బాయిలర్ మీది రేకు కింద ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఊడిన రేకులోకి వేలు పెట్టి చూడవద్దు. ఆ పొరలు చూడాల్సింది మ్యూజియం వారు, పద్ధతిగా, రాసిపెట్టుకుంటూ. అడగండి, చూపిస్తే చూడండి, చూపకపోతే తిరిగి రండి.

గుణుపురం టీచర్:
గీకే విషయంలో నేను మిస్త్రీ గారి పక్షమే. తీసిన ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు, ఇంజిన్ నంబరు రాసిపెట్టండి. పదేళ్ల తర్వాత మళ్లీ రంగు వేసి పలక మార్చితే, ఈరోజు అది ఎలా ఉందో చెప్పేది మీ ఫొటోయే. పాత ఫొటో అంటూ మనం ఇప్పుడు దేన్ని ప్రమాణంగా పట్టుకుంటున్నామో, అది కూడా ఒకనాడు ఎవరో తీసిన కొత్త ఫొటోయే కదా.

పర్లాకిమిడి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మిస్త్రీ గారు చెప్పాక కొలతలు మళ్లీ చూశాను. డ్రాయింగులోని చక్రం వ్యాసానికీ నేను కొలిచినదానికీ అంగుళం పైనే తేడా ఉంది. నా నిష్పత్తిలో అది ఒక మిల్లీమీటరు. మొదట ఏ ఏడాది ఇంజిన్ చేస్తున్నానో నేనే తేల్చుకోవాలని అప్పుడు అర్థమైంది. మా నాన్నగారు కాశీనగర్ నుంచి పర్లాకిమిడి కాలేజీకి ఆ బండిలో వచ్చిన 1970ల నాటి ఇంజిన్ చేస్తాను. కాబట్టి అరిగిన చక్రమే పెడతాను, రేకు అతుకులు అలాగే ఉంచుతాను. రంగు గురించి అడిగితే నాన్నగారు "నలుపు, మసి" అని మాత్రమే చెప్పగలిగారు. ఆ లైనులో ఫైర్‌మన్‌గా చేసిన పెద్దాయన ఒకరు కాశీనగర్ దగ్గర ఉన్నారని తెలిసింది. ఫొటోలు పెద్దవిగా ప్రింటు తీయించాను, ఆదివారం తీసుకెళ్లి ఆయన ముందు పరుస్తాను. అప్పటిదాకా చిమ్నీకి రంగు వేయను.