అప్‌డేట్: బ్యాంజో అపస్వరం సంగతి తేలింది

పుస్తకం చూసి ఐదు తీగల బ్యాంజో నేర్చుకుంటున్నాను, విడి తీగలు శ్రుతిలోనే ఉంటున్నాయి, పై మెట్ల (మెడ మీది అడ్డ పట్టీల) మీద నొక్కితే మాత్రం అపస్వరం పలుకుతోంది అని పాలకొల్లు నుంచి అడిగింది నేనేనండి.

తప్పు బ్రిడ్జిది, అంటే తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్కది. కాదు, నాది. దాన్ని అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. మా ఇల్లు కాలవ గట్టునే, ఆ చెమ్మకి తీగలు తుప్పు పడితే మారుద్దామని అన్నీ ఒక్కసారే విప్పేశాను. బ్రిడ్జి జారిపోయింది. ఒక్కో తీగే మార్చమని పుస్తకం చివర్లో రాసే ఉంది, అంతదాకా చదివితేగా!

మీలో ఒకరు చెప్పినట్టు టేపు పెట్టి కొలిచాను. నట్టు (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ మెట్టుకి ఎంతుందో, అక్కణ్ణుంచి బ్రిడ్జికీ సుమారు అంతే ఉండాలి. నాది పావంగుళం తేడా. తీగలు కాస్త వదులు చేసి, గోటితో నెట్టినట్టు జరిపి, పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నా. ఇప్పుడు 12వ మెట్టు నొక్కితే విడి తీగ స్వరమే పై స్థాయిలో శుభ్రంగా పలుకుతోంది.

మా బాబాయి మాత్రం "ఇదేం బ్యాంజోరా, మీటలేవీ?" అంటున్నాడు. ఆయన లెక్కలో బ్యాంజో అంటే టైపు మిషన్లా మీటలుండే బుల్‌బుల్.

ఇక మిగిలింది బొటనవేలు. దాంతో మీటే పొట్టిదైన ఐదో తీగ పైనే ఉన్నా, స్వరం హెచ్చుది. సన్నటి స్వరం కదా, కిందే ఉంటుందనుకుని వేలు ఇప్పటికీ కిందికే పోతోంది. దీనికేమైనా చిట్కా ఉంటే చెప్పండి.